సైదులు ఒంటి చెట్టు కల్లు

ఏందిరా అభిరామూ, తాతకి వైను సీసా తెచ్చావా? షార్డొనేనా? పేరే నోరు తిరగట్లా. ఒకే తోట ద్రాక్షంటావు, వేరే తోటది చుక్క కూడా కలపరంటావు. సరే, ఒక్క గుక్క పొయ్యి. ఊఁ... బానే ఉందిరా, పుల్లపుల్లగా. కానీ ఒకే తోటని అంత గొప్పలు పోతన్నావే, నేను ఒకే చెట్టుది తాగినోణ్ణి. ఒంటి చెట్టు కల్లు! మన బొల్లాపల్లి డొంకలో సైదులు గీసేవాడు. నీకు తెలవదులే, నువ్వప్పుడు గుంటూరు హాస్టల్లో ఉన్నావు. మిగతా తాడిచెట్ల కల్లంతా కలిపి అమ్మేవాడు, మలుపు కాడ చెట్టుది మాత్రం నాకే. ఇంకెవడన్నా అడిగితే "అది కోటయ్య చెట్టు, దాని జోలికి రామాక" అనేవాడు. పొద్దున్నే దిగి, తాటాకు దొప్ప మడిచి నా చేతిలో పెట్టి, కల్లు లొట్టి వంచేవాడు. అబ్బ, ఏం తీపిరా! ఇప్పటికీ తలుచుకుంటే నోరూరుద్ది.

నేనే చెడగొట్టుకున్నా. ప్రెసిడెంటు ఎలక్షన్లో నిలబడ్డ ఏడే నాకు షుగరు బయటపడింది. తెలిస్తే "రోగిష్టోడికి ఓటెందుకు" అంటారని మీ నాయనమ్మకి కూడా చెప్పలా. పొడపత్రి ఆకు నమిలితే తగ్గుద్దని ఎవరో అంటే, కంచె మీద తీగ దూసి నాలుగాకులు నములుకుంటా పోయా డొంకకి. ఆ ఆకు నమిలితే గంటసేపు నాలిక్కి తీపి తెలవదంట, నాకేం తెలుసు? కల్లు తాగితే చప్పగా ఉంది. పక్కన పదిమంది ఓటర్లు. "ఏందిరా సైదులూ, నాకే నీళ్లు కలుపుతావా? అవతల పార్టీవాళ్లు చెప్పారా?" అని ఎగిరా. వాడు నా మొహంలోకి చూశాడు. "నీళ్లు కలిపే ఇంట్లో పుట్టలా కోటయ్యా" అని, చెట్టెక్కే మోకు భుజానేసుకుని పోయాడు. మర్నాడు మళ్లీ ఆకు నమిలా, టీ కూడా చప్పనే. మీ నాయనమ్మ మీద కేకలేస్తే, గుప్పెడు పంచదార తెచ్చి నా నోట్లో కొట్టింది. ఇసకరా, ఉత్త ఇసక! అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

పోయి చెప్పొచ్చుగా అంటావు. చెపితే షుగరు సంగతి బయటపడదా? ఎలక్షనయ్యాక చెపుదామనుకున్నా. ఓడిపోయా, ఇంక మొహం చెల్లలా. రేపు, ఎల్లుండి అనుకుంటా ఏడేళ్లు. వాళ్లింటికీ మనింటికీ మధ్య మూడిళ్లేరా! ఎదురైతే వాడు ఆగేవాడు, నేనే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఆఖరికి సైదులు జబ్బు చేసి పోయాడు. పెద్దకర్మ రోజు పోయి మూల కూర్చుంటే వాడి కోడలు అంకమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది. "మా మావకి ఆ రోజే తెలుసు పెదనాయనా. నీ నాలిక పచ్చగా ఉందంట. పదిమందిలో ఆకు పేరెత్తితే నీ ఓట్లు పోతయ్యని ఊరుకున్నాడంట. గీసే కాలమొస్తే ఆ చెట్టుకి లొట్టి కట్టేవాడు, పొద్దెక్కిందాకా నీ కోసం చూసి, చెట్టు మొదట్లో పారబోసేవాడు. 'వస్తాడులే కోటయ్య' అనేవాడు" అంది.

ఏడేళ్లురా అభీ. ఒక్కడికీ పొయ్యలా. ఆ చెట్టింకా ఉంది, గీసేవాడే లేడు. మొన్న పోయి దాని కింద నిలబడి, "వచ్చానురా సైదులూ" అన్నా...

సరేలే. నీ బస్సు ఎన్నింటికి?