ఎర్రంచు గొంగడి

గిట్ల నవ్వకుండ్రి నన్ను జూసి. దండ ఏసిన ఫోటోలకెల్లి నవ్వుడు మీకు అల్కగనే ఉంటది. పొద్దుగాల మన వాకిట్ల ఏం జరిగిందో ఎర్కైతే గా నవ్వు గోడకే ఎండిపోతుండె.

ఊర్ల స్తూపం కడ్తున్నరు. తెలంగాణ వచ్చినంక అందరికి దొరల మీద లేచిన పాత పోరాటం యాదికొచ్చింది, మంచిదే. సంఘంల పనిజేసి సచ్చిపోయినోళ్ల పేర్లు రాయి మీద చెక్కిస్తరట. గొర్లు కాసిన గుర్వయ్య పేరు గూడ చెక్కుండ్రని ఆయన చెల్లె గోపమ్మ వాళ్ల కాళ్లా వేళ్లా పడ్డది. స్తూపం కట్టే పోరగాండ్లు ఏమన్నరో ఎర్కేనా? "గడీల గొంగడి దొంగతనం జేసినోని పేరు ఎట్ల చెక్కుతమవ్వా?"

అందుకే గోపమ్మ స్తూపం పని చూస్తున్న నాగేందర్‌ను ఎంటబెట్టుకొని నా దగ్గరికొచ్చింది. గప్పటి గడీ మనుషులల్ల బతికున్నది నేనొక్కదాన్నే గద! "కౌసల్య దొరసానీ, జర నువ్వన్న చెప్పు. మా అన్న దొంగనా?" అన్నది.

నేనేమన్ననో జర ఆగి చెప్త. మీరు బతికున్నన్ని రోజులు మీకు జెప్పనిది ఒకటున్నది.

గుర్వయ్య పగలు గడీ దొర మా బాపు గొర్లు కాసేటోడు. పొద్దుగూకితే గుట్టల్ల దాక్కున్న సంఘపోళ్లకు సద్ది మోసేటోడు. నాకెట్ల ఎర్క అంటరా? అయ్యో, ఎట్ల జెప్పాలె! గుట్టలకెల్లి మర్లొచ్చుకుంట మా దొడ్డి గోడ మీద పండిన సీతపలకాయ పెట్టి పోయేటోడు. నేను తీసుకునేదాన్ని. తిన్నంక గింజలు గూడ పారెయ్య బుద్ధి కాకపోయేది. ఔ, పానమే పెట్టుకున్న ఆయన మీద. కోపం జేసుకుంటే జేసుకోండ్రి.

గా యేడు సలి సంపుతుండె. చినిగిన గోనెసంచి కప్పుకొని ఒణుక్కుంట పోతాంటే నా మనసు ఆగలే. అర్రలకెల్లి కొత్త గొంగడి తెచ్చి ఇచ్చిన.

ఏం పిచ్చిదాన్నో సూడుండ్రి! ఎర్రంచు గొంగడి గడీకి తప్ప ఊర్ల ఎవ్వరు కప్పుకోవద్దు. గుర్వయ్య ఇంటోళ్లే మాకు వెట్టికింద నేసిచ్చిండ్రు. ఉన్ని వాళ్లదే, చేతులు వాళ్లయే, అంచు మాత్రం మాది. పుట్టినకాన్నుంచి కప్పుకున్నదాన్ని, నాకు అంచు కండ్లకానుతదా? అంచు ఇప్పేసి ఇయ్యాలెనన్న సోయి లేకపాయె. గాయన గూడ ఇప్పలే. నేనిచ్చిందని మురిసిండేమో!

వారం తిరగకముందే గా అంచు జూసి బాపు మనుషులు ఆయనను పట్టుకచ్చి గడీల గుంజకు కట్టేసిండ్రు. బాపు అందరి ముంగట నన్ను పిలిచి అడిగిండు. "బిడ్డా, గిది నువ్విచ్చినవా, గాడు ఎత్కపోయిండా?"

గుర్వయ్య తలెత్తలే. గోపమ్మ గప్పుడు పసిపిల్ల, వాళ్లమ్మ కొంగు పట్టుకొని నా మొఖమే సూస్తాంది.

"నేనియ్యలే" అన్న.

గప్పుడు తలెత్తిండు. "ఔ దొరా, నేనే ఎత్కపోయిన" అన్నడు. నా అబద్ధాన్ని నిలబెట్టిండు! గుట్ట ఎనకకు తీస్కపోయిండ్రు. తుపాకి సప్పుడు ఇన్నంక బాపు బువ్వకు కూసున్నడు. గా నెలలనే మీతోని నా లగ్గం జేసిండు. గుర్వయ్య ఇంటోళ్లకు మాత్రం గొంగడి దొంగలని పేరువడ్డది. ఇప్పటికీ గదే పేరు.

ఇగ పొద్దుగాల గోపమ్మ అడిగితే నేనేమన్ననంటరు? "ముసల్దాన్నైతిని, నాకేం యాదికి లేదే" అన్న.

గప్పుడంటే బాపు ఉండె, తుపాకులుండె, భయపడ్డ. గిప్పుడెవరున్నరని? గడీ కూలిపాయె. బాపు మట్టిల కలిసె. మీరు గోడకెక్కితిరి. సిగ్గు! ఎనభై దాటినంక గూడ, గొర్లు కాసేటోని మీద మనసుపడ్డ అని జెప్పనీకి సిగ్గు. థూ, నా బతుకు!

నాగేందర్ లేచి పోయిండు. గోపమ్మ పోలే. "ఒణుకుతున్నవేంది దొరసానీ, సలా?" అని, తన భుజం మీది గొంగడి తీసి నాకు కప్పింది. "రేపొచ్చి తీస్కపోత తియ్" అని కట్టె పట్టుకొని పోయింది.

గిదిగో, నా ఒంటి మీదనే ఉన్నది. తియ్య బుద్ధైతలేదు, ఉంచుకో బుద్ధైతలేదు.

బజార్ల ఎవరన్నా ఆపి అడుగుతరు గద, "గోపమ్మా, నీ గొంగడేదే? ఎవరన్నా ఎత్కపోయిండ్రా?" అని.

"నేనే ఇచ్చిన" అంటది. గంతే. గంత అల్కగ అంటది.