సౌండు తగ్గించమన్న వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మా వదిన పోయింది. ఈ వారమంతా ఎందరికో ఫోన్లో చెప్పాను ఈ మాట. ఇంకా నోటికి అలవాటు కాలేదు.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు ఆవిడ శాంతమూర్తి అన్నారు. గొంతెత్తి ఎరగదన్నారు. క్షమించండి, మీరు ఎవరి గురించి మాట్లాడారో నాకు అర్థం కాలేదు. మా వదినకి చిరాకు. పొద్దున లేస్తే చిరాకు, గిటార్ పట్టుకుంటే చిరాకు. దానికి కారణం ఉంది. అది చెప్పకుండా నాలుగు మంచి మాటలు అనేసి ఇంటికెళ్లిపోతే ఆవిడకి అన్యాయం చేసినట్టే.

పగలు కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసేది. సాయంత్రం మా బ్యాండులో గిటార్ వాయించేది. పక్కన బేస్ గిటార్ నేను. గిటార్ చప్పుడు పెంచే ఆవిడ ఆంప్ పాతకాలపుది, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

మనలో చాలామందికి వాల్యూమ్ నాబ్ అంటే కొళాయి. తిప్పితే ఎక్కువ, కట్టేస్తే తక్కువ. వాల్వు ఆంప్ అలాంటిది కాదని చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది. అందులో ముందు చిన్న వాల్వులుంటాయి. గిటార్ నుంచి వచ్చే పీలగొంతును అవి పెంచుతాయి. వెనక పెద్ద వాల్వులు. స్పీకరును కదిలించే బలం వాటిది. ఆ పెద్దవి ఆయాసపడేదాకా పనిచేస్తేనే స్వరం చిక్కబడుతుంది. మీరు తగ్గించమనే ఆ వాల్యూమ్ నాబ్, మాస్టర్ నాబ్ అంటారు, ఈ రెంటికీ మధ్యన కూర్చుంటుంది. దాన్ని తగ్గించారా, పెద్దవి కునుకు తీస్తాయి, చిన్నవి మాత్రమే అరుస్తాయి. "డబ్బాలో కందిరీగ" అనేది ఆవిడ ఆ చప్పుడుని.

హోటల్లో వాయించేవాళ్లం, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఓ రోజు పాట మధ్యలో మేనేజరు గారు వెనకనించి పిల్లిలా వచ్చి ఆ నాబ్ తగ్గించేశారు. వదిన ఆపేసింది. పాట పల్లవి దగ్గరే ఆగిపోయింది. భోజనాలు చేసేవాళ్లంతా తలెత్తి చూస్తున్నారు. "మీ వంటింట్లోకొచ్చి పొయ్యి మంట నేనెప్పుడైనా తగ్గించానా అండీ?" అంది. వైరు చుట్టుకుంది, ఆంప్ పట్టమని నాకు సైగ చేసింది, వెళ్లిపోయాం. పై వారం మా చోట ఇంకెవరో కీబోర్డు వాయిస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీదే! పట్టుదల ఉండొచ్చు, మరీ ఇంతా అనుకున్నాను.

సరే, హోటల్ పోయింది. ఇంట్లోనైనా వాయించుకుందామంటే కింది ఫ్లాట్‌లో నర్సమ్మ గారు. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర. ఆవిడ చీపురుకర్రతో కప్పు మీద కొట్టేవారు. ఈ గొడవ భరించలేక మా అన్నయ్య ఓ రోజు తెలివైన పని చేశాడు. ఆంప్ మోగుతుండగానే వెనక స్పీకరు వైరు పీకేశాడు. చప్పుడు ఆగింది. కాసేపటికి కమురు వాసన వచ్చింది. వాల్వు ఆంప్‌కి మోయడానికి ఎప్పుడూ ఏదో ఒక బరువుండాలి. లేకపోతే దాని బలం దాన్నే తినేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది. "మీరు చేసింది నిశ్శబ్దం కాదండీ, హత్య" అంది వదిన. అన్నయ్య ఇక్కడే ఉన్నాడు, అవునో కాదో అడగండి.

ట్రాన్స్‌ఫార్మర్ కొత్తది వేయించాక ఆవిడ ఒక డబ్బా తయారుచేసింది. ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య పెట్టే డబ్బా. ఆంప్ పూర్తి బలంతో పనిచేస్తుంది. అందులో ఎక్కువ భాగాన్ని డబ్బా మింగి వేడిగా వదిలేస్తుంది. మిగిలిన కాస్తే స్పీకరుకి చేరుతుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆవిడ సంతోషించిందా? లేదు! "చెవికి అడుగు స్వరాలూ పై స్వరాలూ సరిగ్గా అందట్లేదు, స్పీకరు ఒళ్లు కదలట్లేదు. పెళ్లికి వెళ్లకుండా ఫొటోలు చూసినట్టుంది" అంది.

ఆ వారమే నర్సమ్మ గారు పైకొచ్చి తలుపు కొట్టారు. మేం తిట్లకి సిద్ధపడ్డాం. ఆవిడ లోపలికి తొంగిచూసి, "ఏమ్మా, వినపడట్లేదు, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. వదిన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. అప్పట్నించి నర్సమ్మ గారికి సెలవున్న రోజు డబ్బా తీసేసి ఒక్క పాట. ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని గుమ్మంలో కూర్చుని వినేవారు.

కానీ ఒక్క పాటతో ఎవరికి ఆకలి తీరుతుంది? జబ్బు బయటపడ్డాక వదిన ఒకే ఒక్కటి కోరింది. ఒక్క సాయంత్రం. డబ్బా లేకుండా, ఇంత పెద్ద గదిలో. ఈ గదిలోనే. అవునండీ, ఇదే హాలు.

హాలు కమిటీ వారు ఏమన్నారు? వేసవి కానివ్వండి అన్నారు. రంగులు వేశాక చూద్దామన్నారు. చివరికి సగం బలమున్న ఆంప్ తెచ్చుకోండి అన్నారు. "బలం సగం చేస్తే చప్పుడు సగం కాదండీ, చెవికి కొంచెమే తేడా" అని వదిన ఆయాసపడుతూ చెప్పింది. ఎవరు విన్నారు? రంగులు వేశారు. బాగున్నాయి. అప్పటికి ఆవిడ ఆసుపత్రి మంచం దిగలేకపోయింది.

నేను మొన్న ఫోన్ చేసి, సంతాప సభకి హాలు కావాలన్నాను. కమిటీ అధ్యక్షుల వారు వెంటనే "తీసుకో బాబూ" అన్నారు. ఎందుకిచ్చారు? సంతాప సభలో చప్పుడుండదు గనక!

ఆయనకి కోపం వస్తే రానివ్వండి. ఆయన చెడ్డవారు కాదు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, నా ఏడుపంతా అదే. నర్సమ్మ గారికి నిద్ర కావాలి, మేనేజరు గారి హోటల్లో జనం మాట్లాడుకోవాలి, ఈ వీధికి ప్రశాంతత కావాలి. అందరిదీ న్యాయమే. వదినది మాత్రం ఎప్పుడూ తరవాత చూద్దామన్న న్యాయం.

ఆంప్ అన్నయ్య దగ్గరే ఉంది, బాగానే పనిచేస్తోంది. ఆ ఆంప్ డబ్బా లేకుండా ఈ హాల్లో మోగే ఆ ఒక్క సాయంత్రం కోసం నేను మళ్లీ అడగబోతున్నాను, గిటార్ ఎవరు పట్టుకున్నా సరే. ఈసారి ఒక్కణ్ణే రాను, మీరూ నా వెంట రావాలి.

ఇక లేవండి. అధ్యక్షుల వారూ, మీరూ. కాసేపు మౌనంగా నిలబడదాం. ఆవిడ అడిగింది ఇది కాదు. మనం ఇవ్వగలిగింది ఇంతే అయింది. లేవండి.