చార్ అంటే నాలుగు కాదు

1989 ఆగస్టు పదకొండవ తేదీ, వరలక్ష్మీ వ్రతం నాడు, తెల్లవారకముందే పూజ ముగించుకుని, చేతికి కట్టిన తోరం పసుపు తడి ఆరకముందే శ్రీమతి గ్రంధి సావిత్రి గారు జగదల్‌పూర్‌లోని మా ప్రకృతి సంగ్రహాలయంలో నమూనాల విభాగ సహాయకురాలిగా ఉద్యోగంలో చేరారు. ఆనాడు వారికి అప్పగించిన తొలి కర్తవ్యం ఒక ఉడుము చర్మంలో గడ్డి కూరడం. కోంటాలో తరతరాలుగా వర్తకం చేసుకుంటున్న శాకాహార కుటుంబపు ఆడపడుచు పండగపూట ఆ పనికి వెనుదీయలేదనీ, తోరాన్ని మాత్రం మోచేతి దాకా జరుపుకున్నారనీ అప్పటి సిబ్బంది చెప్పుకునేవారు.

వారి పదవీ విరమణ సంచికకు నాలుగు మాటలు రాయమని నన్ను ఆదేశించారు. ‘నాలుగు’ అనే మాట వింటేనే నాకు గుండె దడ. ఎందుకో ముందు మనవి చేస్తాను.

ఉద్యోగపు తొలి దశాబ్దమంతా సావిత్రి గారు ఆకులు ఒత్తిపెట్టే చెక్కపలకల కట్ట ఒళ్లో పెట్టుకుని ఉసూర్, భేజ్జి వైపు వెళ్లే బస్సుల్లోనే గడిపారు. 2000లో మా ప్రాంతం కొత్త రాష్ట్రంలోకి వచ్చి బోర్డులన్నీ తిరగరాయవలసి వచ్చినప్పుడు, తక్కినవారు పాత రాష్ట్రం పేరు చెరిపించి కొత్త పేరు రాయించి ఊరుకోగా, వారు మాత్రం ప్రతి బీరువా ముందూ నిలబడి, ‘దీన్ని అడవిలో ఉండేవాళ్లు ఏమంటారు?’ అని తమను తాము ప్రశ్నించుకుని, పేర్ల పుస్తకం ఒకటి ప్రారంభించారు. తరువాత అడవిలో తుపాకుల పోరు సాగిన కష్టకాలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి జనం కోంటాకు చేరినప్పుడు, సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లి, దుకాణం అరుగు మీద కూర్చుని, వచ్చినవారికి మంచినీళ్లిచ్చి చెట్ల పేర్లు అడిగారు. ఊరు చెదిరితే పేరు కూడా చెదురుతుందన్న దిగులు వారికి అప్పుడే పట్టుకుంది. అది ఇప్పుడు నాకూ అంటుకుంది.

2016లో సంగ్రహాలయ అధిపతిగా పదోన్నతి పొందిన సావిత్రి గారు, ఫైళ్లలో ‘కాయాకల్ప్’ అని వ్యవహరించే నవీకరణ ప్రణాళికకు నాలుగేళ్ల క్రితం రూపకల్పన చేశారు. అంతవరకు మా ప్రదర్శనశాల అంటే వరుసగా అద్దాల బీరువాలు, వాటి మీద లాటిన్ పేరు, హిందీ పేరు. సంతకు వచ్చిన పల్లెజనం లోపలికి వస్తే, ఏదో దఫ్తరులో తప్పిపోయినట్టు గోడవారగా నడిచి బయటపడేవారు. సావిత్రి గారి ప్రణాళికలో బీరువాలు లేవు, నెలలున్నాయి. ఇప్పపూలు రాలే నెల ఒక గది, తునికాకు కోసే నెల ఒక గది, వానల్లో పుట్టగొడుగులు మొలిచే నెల మరొక గది. చూడవచ్చినవారు అడవిలో ఏడాది నడిచినట్టు నడవాలి. ప్రతిదాని మీదా దాన్ని ఏరుకునేవారు పిలిచే పేరు ముందుండాలి. ఈ ఆలోచనను భోపాలపట్నం మొదలు నగర్‌నార్ దాకా మెచ్చుకోనివారు లేరు. అయితే ఇల్లలకగానే పండగ కాదు కదా. అలికినదాన్ని తొక్కినవాణ్ణి నేనే.

ప్రవేశ గది గురించి సావిత్రి గారు హిందీలో రాసి ఇచ్చిన చీటీలో ‘చార్ పేడ్, అసలీ జైసా’ అని ఉంది. కిరందుల్ గనుల కాలనీలో శ్రీకాకుళం మాటతో, బడి హిందీతో పెరిగిన నేను దాన్ని చదివి, నమూనాలు తయారుచేసేవారికి ‘అసలువాటిలా కనిపించే నాలుగు చెట్లు’ అని ఘనంగా ఉత్తరం రాశాను. మూడు నెలలకు లారీలో నాలుగు ఫైబర్ మాన్లు దిగాయి. ఒక్కొక్కటీ పది అడుగుల ఎత్తు. ఏ చెట్టో దేవుడికే తెలియాలి.

ఆ గది చూపించడానికి సావిత్రి గారు భేజ్జి నుంచి సుక్కిని పిలిపించారు. సుక్కి అరవై ఏళ్లకు పైగా అడవిలో ఏరిన సరుకును వారి తండ్రిగారి దుకాణానికి తెచ్చిన పెద్దావిడ. పేర్ల పుస్తకంలో సగం ఆమె చెప్పినవే. ఆమె లోపలికి వచ్చి, మాన్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఒకదాన్ని వేలి కణుపుతో కొట్టి చూసింది.

“సార చెట్టు జూపిస్తనంటివి గద బిడ్డా, ఏది? ఇయ్యేంది, నాలుగు మొద్దులు నిలబెట్టిండ్రు? ఇయ్యి ఏం కాయ గాస్తయి?”

అప్పుడు తెలిసింది. మనం పాయసంలో వేసుకునే సారపప్పు కాసే సార చెట్టునే ఇక్కడి హిందీలో ‘చార్’ అంటారు. మేడం అడిగింది ఒక్క చెట్టు. నేను లెక్కపెట్టుకున్నది నాలుగు. సావిత్రి గారు ముందు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

“గట్ల మొకం ఏలాడేస్తవేంది సింహాచలం? ఆ ఉత్తరం మీద నేను గూడ సంతకం పెట్టిన. సగం తప్పు నాది” అన్నారు.

ఆ తరువాత బల్ల మీద కూర్చుని పేర్ల పుస్తకం మొదటి నుంచి తిరగేశారు. చివరికి, “నేను లేనినాడు ఇంకెన్ని చార్లు నాలుగైతయో” అన్నారు. నన్ను తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఆనాటి నుంచి మా కార్యాలయంలో ఒక నియమం వచ్చింది: ఏ బోర్డు మీద రాతైనా, ఆ వస్తువును ఎరిగిన మనిషికి పైకి చదివి వినిపించాకే అచ్చుకు పంపాలి. మూడు మాన్లను తిప్పి పంపాము. నాలుగవదానికి సుక్కి ఎదుట కూర్చుని చెప్పగా ఆకులు, కాయలు అతికించాము. పుస్తకంలోని రెండు వందల పన్నెండు పేర్లలో నూట ముప్పై ఒకటి అలా వినిపించాము. ఎనభై ఒకటి మిగిలాయి. జూన్ ముప్పైన సావిత్రి గారు విశ్రాంత జీవనంలో ప్రవేశిస్తారు. మరునాటి నుంచి ఆ పుస్తకం నా బీరువాలో ఉంటుంది. కార్తీకంలో కొత్త గదుల ద్వారాలు తెరవాలి. పేర్లు చెప్పగల పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. అభినందన వ్యాసంలో ఇలా రాయకూడదేమో గాని, నాకు భయంగా ఉంది. ఆ భయం వారు నాకు ఇచ్చిపోతున్న ఆస్తి అనుకుని భద్రంగా దాచుకుంటాను.

సావిత్రి గారి భర్త శ్రీ రామ్‌ప్రసాద్ గారికి ఒక విన్నపం. పొద్దున్నే మీ ఇంటి ఫోను మోగి, అవతల నేను ఏదో కాయ పేరు అడుగుతుంటే విసుక్కోకండి. ఎనభై ఒక్క మార్లు ఓర్చుకుంటే చాలు.

మేడం, ద్వారాలు తెరిచే రోజున మీరు సుక్కిని వెంటబెట్టుకుని రావాలి. మొదటి గదిలో నిలబడి ‘సార చెట్టు ఏది?’ అని అడగాలి. మేము తడుముకోకుండా చూపించగలగాలి. మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, సకుటుంబంగా, నాలుగు కాలాల పాటు చల్లగా ఉండాలి. ఈ నాలుగు నాలుగే. ఈ వ్యాసాన్ని కూడా సుక్కికి చదివి వినిపించాకే అచ్చుకు పంపాను.