మోగని ఫోను

మియాపూర్‌లో ఒక దవాఖాన. ఆపరేషన్ గది బయట అక్కా తమ్ముడూ నిలబడి ఉన్నారు.

“అమ్మ బాత్రూంల జారిపడి నీకే ఫోన్ చేసిందంట. పక్కింటి రుక్కమ్మ వచ్చేదాక అట్లనే పడున్నది. ఎందుకు ఎత్తలేదురా?”

“మోగలేదక్కా. నిన్ననే ఫోన్ల కస్టమ్ రోమ్ అని బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించిన.”

“కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు ఏమైంది?”

“అంతా యాడ్సే. రెండేండ్ల సంది అప్‌డేట్ గూడ లేదు. ఇదైతే మస్తు ఫాస్టు, బ్యాటరీ గూడ...”

“అది మోగేది కదరా!”

“ఇది గూడ చెక్ చేసినక్కా. వాట్సాప్ కాల్ మోగింది, ఆఫీస్ మీటింగ్ కాల్ మోగింది.”

“మామూలు కాల్ చేసి చూసినవా?”

“లే. మామూలు కాల్ ఇప్పుడు నాకెవరు చేస్తరక్కా?”

“అమ్మ. ఆమెది బటన్ ఫోను.”