బాగుండాననే మాట

డిప్రెషన్‌కు కొత్త మందును పరీక్షిస్తున్న ఆసుపత్రి నుంచి భర్తతో బయటికొస్తూ మునిలక్ష్మి నిలదీసింది.

“రాత్రంతా కండ్లు తెరుచుకోనే ఉంటావు కదా, బాగా నిద్దర పడతాండాదని డాక్టరమ్మకు ఎందుకు చెప్తివి?”

“మందు పని చేయలేదంటే నన్ను తీసేస్తారు.”

“తీసేస్తే పీడా పోతాది!”

“వారానికొకతూరి ఆమె కూర్చోబెట్టుకోని నా మాట వింటాది లక్ష్మీ.”

“నేను వినలేదా?”

“నువ్వు వింటానే ఏడుస్తావు.”

మునిలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మామకు నయమైందని, ఇదే జబ్బుండే మీ అక్క కూతురు సహన కూడా ఈ మందు పరీక్షలోనే చేరతానంటాంది. పోయి నిజం చెప్పిరా.”

అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. తలుపు దాకా వెళ్లి ఆగిపోయాడు.

“చెప్తే, వచ్చే వారం నుంచి నేనెవరితో మాట్లాడేది?”

అద్దం తలుపు అవతల నుంచి డాక్టరమ్మ అతన్ని చూసి నవ్వింది. అతనూ, అన్నీ బాగున్నవాడిలాగే, నవ్వాడు.