ఎండుద్రాక్షతో ఎక్కాలు

"ఈ పని మొదలుపెట్టిన రోజు నా జేబులో ఉన్నది నాలుగు వందలు, పిన్నిగారూ. ఇవాళ ఈ వీధిలో ఎవరు ఊరెళ్ళినా వాళ్ళ కుక్క నా గదిలోనే ఉంటుంది. మీ దాన్ని కూడా వారం రోజులు నాకు వదిలేసి నిశ్చింతగా వెళ్ళిరండి."

టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని చెబుతున్నాడు కుక్కల్ని చూసిపెట్టే అబ్బాయి. పిన్నిగారి ఒళ్ళో బుట్ట, బుట్టలో కుక్కపిల్ల. ఆవిడ చూపు మాత్రం బల్ల కింద ముడుచుకున్న గోధుమరంగు కుక్క మీదే ఉంది.

"ఇదేంటబ్బాయ్, ఇలా పడుంది?"

"ఆలోచిస్తోందండీ. ఇది మా మేడ మీద టీచరమ్మగారిది. ఊరెళుతూ నాకు అప్పగించారు. నిన్న సాయంత్రం ఊరికే కూర్చుందని కూడికలు నేర్పా. రెండూ ఒకటీ ఎంతే అన్నా, మూడుసార్లు మొరిగింది. ముచ్చటేసి ఓ ఎండుద్రాక్ష పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నాలుగోసారి మొరిగుంటుంది, ఇంకోటి పెడతావని," అన్నాడు వ్యాను నడిపే బాబాయి.

"దానికంత కక్కుర్తి లేదు బాబాయ్. ఎక్కాలు మొదలెట్టింది. ఏడెనిమిదులు అన్నానో లేదో యాభైయారు సార్లు మొరిగింది. గోలేంటని తిట్టడానికొచ్చిన పక్కింటివాళ్ళు కూర్చుని లెక్కపెట్టారు. తప్పు వాళ్ళే పోయారు, అది పోలేదు. ఒప్పు చెప్పినప్పుడల్లా ఓ ద్రాక్ష. తర్వాత భిన్నాలు."

"సగం ఎలా మొరుగుతుందిరా?"

"నోరు తెరుస్తుంది, శబ్దం రాదు."

టీకొట్టు అక్క నవ్వుతూ వంగి కుక్క ముందు బిస్కెట్టు పెట్టింది. అది వాసన కూడా చూడలేదు. అబ్బాయి మాట వేగం పెంచాడు.

"మేధావులు అంతే అక్కా, తిండి పట్టదు. ఇంకా వినండి. కింది వాటాలో ఆడిటరు గారు ఏడాది లెక్కలు తెచ్చి దీని ముందు పరిచారు. ఒక్కో పేజీ చూసింది, ఒక్కచోట గుర్రుమంది. చూస్తే అక్కడ సున్నా ఎక్కువ పడింది. ఆయన తన ఆఫీసులో దీనికి కుర్చీ వేస్తానన్నారు. నేనే ఒప్పుకోలేదు. తెల్లారి లేచేసరికి గోడ మీద గోరుతో నా వచ్చే ఏడాది లాభం గీస్తోంది."

"ఎంతొచ్చిందేం?"

"గోడ చాల్లేదు బాబాయ్."

బల్ల కింద కుక్క డొక్కలు ఎగరేసి కక్కింది. పసుపుపచ్చని నీళ్ళు, వాటిలో నల్లగా ఉబ్బిన తొక్కలు. అబ్బాయి కాలు దించాడు.

"పొద్దుట్నుంచీ ఇంతేనా?" అంది పిన్నిగారు.

"కాస్త అరగలేదంతే."

"నాయనా, ఆ కూడికలూ ఎక్కాలూ అలా ఉంచు. ద్రాక్షలు పెట్టిన మాట నిజమేనా?"

అబ్బాయి కింద పడ్డ తొక్కల వైపు చూసి తలూపాడు.

"కుక్కలకి అవి విషం. పచ్చివైనా, ఎండువైనా. మూత్రపిండాలు పాడవుతాయని మా దాన్ని చూసిన డాక్టరు మొదటిరోజే చెప్పాడు."

"పళ్ళే కదండీ. చాక్లెట్టు పెట్టకూడదని నాకు తెలుసు. అందుకే ఇవి కొన్నా."

"ఎన్ని తింది?"

"పొట్లం మొత్తం." అబ్బాయి బల్ల దిగి కుక్క పక్కన కూర్చున్నాడు. "అది ఒక్కసారి కూడా మొరగలేదండీ. టీచరమ్మగారు వెళ్ళిన దగ్గర్నుంచీ తలుపు దగ్గరే కూర్చుంది, ఏం పెట్టినా ముట్టుకోలేదు. ఇవి పెడితే తింది. తింటోంది కదా అని పెడుతూ పోయా. అంతకుమించి ఇంకేం జరగలేదు."

బాబాయి గ్లాసు బల్ల మీద పెట్టి తాళాలు తీసుకున్నాడు.

"బతుకుతుందాండీ?"

"నాకేం తెలుసు? డాక్టరు దగ్గర మాత్రం కోతలు కొయ్యకు. ఎప్పుడు తింది, ఎంత తింది, ఉన్నదున్నట్టు చెప్పు. ముందు ఆ టీచరమ్మకి ఫోన్ చెయ్యి."

అబ్బాయి కుక్కని రెండు చేతుల్తో ఎత్తుకున్నాడు. అది తల అతని మోచేతి మీద వాల్చేసింది. వ్యాను ఎక్కి కూర్చుని, ఒక చేత్తో ఫోన్ తీసి, టీచరమ్మ నంబరు మీద వేలు పెట్టాడు.