కుడి చక్రం

విన్నారా మీ తమ్ముడి మాటలు? నన్ను పొగుడుతున్నాడండీ, నన్ను! పొద్దున్నే వచ్చి షెడ్డు తలుపు బార్లా తీశాడు. మీ బొమ్మ విమానాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పంపుతో గాలి కొట్టి, రిమోటు మీద మీట నొక్కాడు. రెండు చక్రాలూ మడుచుకుని రెక్కల్లోకి వెళ్ళిపోయాయి. మళ్ళీ నొక్కాడు. రెండూ బయటికొచ్చి నిలబడ్డాయి. ఇక చూడాలి వాడి గోల! "వదినా, అన్నయ్యకే దొరకని లీకు నువ్వెలా పట్టేశావ్?"

ఏదోలే అన్నాను.

ఇప్పుడు బయట వ్యాను పక్కన నిలబడి మైదానంలో విమానాలెగరేసే వాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాడు. "చక్రాలు బిగించే చెక్క దిమ్మలు అన్నయ్య వంకరగా కోశాడురా, మా వదిన సరిచేసింది" అంటున్నాడు. నవ్వుతూ అంటున్నాడు, పైగా. నాకు తల కొట్టేసినట్టయింది. స్క్రూడ్రైవరు తెస్తానని చెప్పి ఇలా మీ గదిలోకి వచ్చి పడ్డాను.

అలా చూడకండి. ఫోటో తీసేటప్పుడు కాస్త నవ్వండి మహానుభావా అంటే నవ్వలేదు. ముక్కుకి గ్రీజు, చేతిలో ప్రొపెల్లరు, పోలీసు చూపు. ఆ చూపు ముందు నిలబడి చెప్పాలా ఇదంతా?

సరే. చెప్తాను. ఇంజను దగ్గర్నుంచి మొదలుపెడతాను, అక్కడిదాకా నేను మంచిదాన్నే.

జబ్బుపడ్డాక మంచం ఈ కిటికీ పక్కకి మార్పించుకున్నారు కదా, షెడ్డులో బల్ల కనబడాలని. మీరు ఇక్కణ్ణుంచి చెప్పడం, నేను అక్కడ బిగించడం. "ఇంజను ముక్కు కొంచెం కుడికి ఓరగా పెట్టు, లేకపోతే లేచేటప్పుడు ఎడమకి ఈడ్చేస్తుంది." పెట్టాను. సైలెన్సరుకి ముక్కు మూత అడ్డమొచ్చింది, కోయక తప్పలేదు. నేను రంపం ఆనించగానే మీరు కళ్ళు మూసుకున్నారు. సూది గుచ్చినప్పుడు కూడా కళ్ళు మూసుకోని మనిషి! మొదటిసారి ఇంజను అందుకున్నప్పుడు పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి అరిచాడు. మీరేమో మంచం మీద నుంచి చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రమే డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. మీకు చెప్పలేదు. ఇంక ఎక్కువ రోజులు కాదమ్మా అన్నాడు. నా మొహం చూసి జాలేసిందేమో, "ఆయన్ని ఆ విమానమే పట్టి ఉంచుతోందనుకుంటా" అని కూడా అన్నాడు. మాటవరసకి అన్నాడేమో పాపం. నేను మాత్రం కొంగున ముడేసుకున్నాను.

మిగిలింది చక్రాలే. చక్రాలు కూడా బిగిస్తే అయిపోతుంది. అయిపోతే మిమ్మల్ని మైదానానికి తీసుకెళ్తారు, అది ఎగరడం మీరు చూస్తారు. చూశాక? చూశాక ఇంక దేనికోసం ఉంటారు మీరు?

నాకోసం ఉంటారని ఎందుకనుకోలేదు అంటారా? ఏమో, అనుకోలేదండీ. ఆ ధైర్యం నాకు రాలేదు.

బిగించిన మొదటి రోజునే అవి రెండూ మడుచుకున్నాయి. ఆ... ఇప్పుడు విన్నారుగా. మొదటి రోజునే! మధ్యాహ్నం మందు మింగి మీరు పడుకున్నారు. ఒక్కసారి చూద్దామని గాలి కొట్టి మీట నొక్కాను. ఎంత ముద్దుగా మడుచుకున్నాయో! మిమ్మల్ని లేపుదామని గుమ్మం దాకా వచ్చాను కూడా. వచ్చి, వెనక్కి పోయాను. కుడి రెక్కలోకి చెయ్యి దూర్చి, గాలి ట్యూబుని దాని మూతి మీంచి కాస్త వెనక్కి లాగాను. ఊడిపోకుండా, గాలి మాత్రం పోయేటట్టు. అది మీ చెయ్యి పట్టని సందు. నీ వేళ్ళు సన్నం, నువ్వే చెయ్యి అని అలాంటి పనులన్నీ మీరే కదా నాకు నేర్పింది.

లేచాక మీ ఎదురుగానే నొక్కాను. ఎడమ చక్రం లోపలికెళ్ళింది, కుడిది సగంలో ఆగింది. "అరే!" అన్నారు. ఆ "అరే"లో ఎంత హుషారు! లేచి కూర్చున్నారు. ముందురోజు చెంచాడు నీళ్ళు కూడా దిగని మనిషి, గ్లాసుడు పాలు అడిగి తాగారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. సంతోషమే.

అప్పట్నుంచీ రోజూ కళ్ళు తెరవగానే అదే ప్రశ్న, గాలి నిలిచిందా అని. గాలి మీటరు తెచ్చి చూపించేదాన్ని, లేదండీ దిగిపోయింది అని. "సబ్బునీళ్ళు పూసి చూడు, లీకున్న చోట బుడగలొస్తాయి." పూశాను. మీకు కనబడకుండా వీపు అడ్డంపెట్టి పూశాను. బుడగలు బుసబుసా పొంగుతూనే ఉన్నాయి. ఒక్కటి కూడా రాలేదండీ అన్నాను.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. తప్పెక్కడుందో దొరక్కపోతే మీరు ఊరుకునే మనిషా? ట్యూబు కాదు, పంపు కాదు, వాల్వు కాదు అని ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోయి, చివరికి మీ దగ్గర ఆగారు. "దిమ్మలు నేనే వంకరగా కోసుంటాను. అందుకే లోపల చక్రాన్ని మడిచే పిస్టను ఒరుసుకుని గాలి వదిలేస్తోంది" అన్నారు.

ఆ దిమ్మలు మీరు చేత్తో చేసిన ఆఖరి పని. వాటి తర్వాత మీ చేతిలో రంపం నిలవలేదు.

నోటిదాకా వచ్చిందండీ. నిజంగా వచ్చింది. మీరేమో చేతులు రెండూ దుప్పటి మీద పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "చెయ్యి పోయిందనుకున్నా, కన్ను కూడా పోయిందన్నమాట" అన్నారు. నాకు అనవసరంగా చాకిరీ పెట్టానని నన్నే క్షమించమన్నారు. మీ తమ్ముడు నా బిగింపు మీద అనుమానపడితే వాణ్ణి కసిరారు కూడా, "మీ వదిన చేతిలో తప్పుండదురా, తప్పు నా కోతలో ఉంది" అని. నేను అక్కడే తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత ఇంకో మాట అన్నారు. "పోనీలే, చక్రాలు దించే ఉంచి బిగించేయండి. అలాగే ఎగరేయండి, చూస్తాను" అన్నారు. మీరేనా ఆ మాటన్నది! యుద్ధవిమానం చేసి, దాని చక్రాలు కాళ్ళలా వేలాడదీసి ఎగరేసేవాళ్ళని చూస్తే, కొంగని ఎగరేస్తున్నారని నవ్వేవారు. అలాంటిది మీరే దిగివచ్చారు. చూస్తే చాలనిపించింది మీకు. అప్పుడైనా ట్యూబు ముందుకి తోసేసి బాగైపోయిందండీ అనొచ్చు కదా నేను? మబ్బు పట్టింది, కాస్త ఎండ రానివ్వండి అన్నాను. మీరు సరేనన్నారు. ఆ ఎండ మీరు చూడలేదు.

మీరు పోయాక ట్యూబు బిగించేశాను. ఎందుకంటే ఏం చెప్పను? అలా వదులుగా ఉంటే చూడలేకపోయాను. ఇవాళ వాడు చక్రాలు దించి బిగించేద్దామనే వచ్చాడు, మీ మాట ప్రకారం. ఊరికే ఒక్కసారి గాలి కొట్టి చూశాడు, అంతే.

అదిగో, పిలుస్తున్నాడు. "వదినా, స్క్రూడ్రైవరు దొరకలేదా?" ఆ... వస్తున్నా!

వాడికి చెప్తానండీ. వ్యాను ఎక్కేముందే చెప్తాను. చక్రాలు విప్పి, మీ దిమ్మలకి మూలమట్టం ఆనించి చూపిస్తాను. ఎక్కడా వెంట్రుకంత సందు కూడా లేదు, నేను చూశాను. వాడు ఫోన్లు చేసిన వాళ్ళందరికీ మళ్ళీ చేసి నిజం చెప్పమంటాను. ఆ తర్వాత నన్ను ఏమన్నా అననీ, మన గడప తొక్కకపోయినా పోనీ.

దిమ్మల విషయంలో తప్పయిపోయిందండీ. మీ చేతుల్ని మీ చేతే అనుమానింపజేశాను. కాళ్ళు పట్టుకుంటాను.

ట్యూబు విషయంలో మాత్రం ఆ మాట నోటికి రావడం లేదు. మీ దగ్గర ఇంకో అబద్ధం ఎందుకు? మళ్ళీ ఆ రోజులు ఎవరైనా ఇస్తానంటే మళ్ళీ ఆ ట్యూబు లాగేస్తాను. అది ఎగరడం మీరు చూడకుండానే పోతారని ముందే తెలిసినా సరే, లాగేస్తాను. మీకేం కావాలో నేనెప్పుడు చూశాను? ఇంకో పూట మీరు ఇక్కడ ఉంటే చాలనుకున్నాను.